కార్గో కల్ట్: వెదురు ఏరియల్ వెనుక మనిషి

బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ‘కార్గో కల్ట్’ అంటే తిట్టు. అర్థం తెలియకుండా ఎవరి పద్ధతినో కాపీ కొట్టడమని. 1974లో కాల్టెక్‌లో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ చేసిన ప్రసంగంతో ఈ వాడుక పాకింది. ఆయన వర్ణించిన, తలకు చెక్క ఇయర్‌ఫోన్లు, వెదురు ఏరియల్ తగిలించుకుని సరుకుల (కార్గో) విమానం కోసం చూసే పసిఫిక్ దీవివాసి అందరికీ గుర్తుండిపోయాడు. అతను ఎందుకు ఎదురుచూశాడో అడిగినవాళ్ళు తక్కువ.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాలను చూశాకే ఈ కార్గో కల్ట్‌లు పుట్టాయి.

వాస్తవం: చనిపోయిన పెద్దలు ఆవిరి ఓడలో సరుకులతో తిరిగొస్తారన్న నమ్మకం 1919లోనే పపువాలోని వైలాలా ప్రాంతంలో వ్యాపించింది. ప్రభుత్వ మానవశాస్త్రవేత్త ఎఫ్.ఇ. విలియమ్స్ 1923 నివేదికలో దాన్ని ‘పిచ్చి’ అన్నాడు. 1903 నుంచి మన తెలుగు కూలీలు వెళ్ళిన ఫిజీలో, 1880లలోనే ఇలాంటి టుకా ఉద్యమం లేచింది. వనువాటులోని టన్నా దీవిలో అమెరికా సైన్యం రాకముందే, జనం ఎదురుచూసిన జాన్ ఫ్రమ్ పేరు వినిపించింది.

అపోహ: అదంతా సరుకుల మీద ఆశ.

వాస్తవం: ఈ దీవులున్న మెలనీసియాలో పరువు, చుట్టరికం, స్నేహం అన్నీ ఇచ్చిపుచ్చుకోవడం మీదే నిలుస్తాయి. పంది కోసి పెట్టినవాడికి తిరిగి పెట్టాలి. పెట్టనివాడు మనవాడు కాడు. అలాంటి చోటికి దొరలు వచ్చారు. తలపన్ను వేశారు, తోటల్లో చాకిరీ చేయించుకున్నారు. ఇనుప గొడ్డళ్ళు, బట్టలు, డబ్బా తిండి ఓడల నిండా దిగినా పంచుకోలేదు. అందరూ ఒక్క తండ్రి బిడ్డలేనని బైబిలు చదివించిన మిషన్లే టన్నాలో కావా తాగడాన్ని, నాట్యాలను మాన్పించాయి. వాటిని మళ్ళీ పట్టుకోమన్నాడు జాన్ ఫ్రమ్. 1941లో ఆ ఉద్యమ నాయకులను జైల్లో వేసినా జనం వెనక్కి తగ్గలేదు. సరుకు అడగడంలో ‘మమ్మల్ని సాటి మనుషులుగా చూడండి’ అన్న డిమాండు ఉందని నా గట్టి నమ్మకం.

అపోహ: అనుకరణే వాళ్ళ మతం.

వాస్తవం: బెంగళూరు బళేపేట వాద్యాల దుకాణాల్లో ఆయుధపూజనాడు వీణకు కుంకుమ పెడతారు. పెట్టకపోతే వీణ పలకదని ఎవరూ అనుకోరు. పూజలో మర్యాద ఉంది, కృతజ్ఞత ఉంది. టన్నాలో జాన్ ఫ్రమ్ పేరుతో ఏటా ఫిబ్రవరి 15న అమెరికా సైనికుల్లా చేసే కవాతునూ ఆ కంటితోనే చూడాలి.

ఆ ఉద్యమాలు ఎదురుచూపులతోనే ఆగలేదు. 1946లో పపువా న్యూగినీలోని మానుస్ ప్రాంతంలో పాలియౌ మలోట్ మొదలుపెట్టిన ఉద్యమంలోనూ సరుకుల ఓడ కోసం చూసిన రోజులున్నాయి. అదే ఉద్యమం విడిపోయిన ఊళ్ళను కలిపింది, ఉమ్మడి నిధి పెట్టింది. 1964లో పాలియౌ అక్కడి శాసనసభకు ఎన్నికయ్యాడు.