వాడిన మోటారు కారును కొనుటకు ముందు చూడవలసిన సంగతులు

పత్తి, మిర్చి పైకము చేతికి వచ్చు దినములలో మన గ్రామములందు మోటారు కార్ల బేరములును సాగుచుండును. క్రొత్తదానిని కొనుటకు శక్తి చాలనివారు ఇతరులు వాడిన చిన్న కారును, అందును వెనుక డిక్కీ గల దానిని, కోరుచున్నారు. ఆసుపత్రికి పోవుటకును, పెండ్లిండ్లకు సామాను వేసికొని పోవుటకును అది అనుకూలము. కావున ఈ కోరికను మేము తప్పుపట్టము. విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు చెప్పవలసిన మాకు కార్లతో నేమి పని యని కొంద రడుగవచ్చును. పొలములో పండిన సొమ్ము బజారులో పోవుచుండగా చూచి యూరకుండుటయు మాకు ధర్మము కాదు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, గిట్టలు చూచి, అరక కట్టి నడిపించు రైతు, కారును కొనునపుడు రంగును మాత్రము చూచి బయానా ఇచ్చుచున్నాడు.

మా యెరుకలోని యొక సభ్యుడు మిర్చి అమ్మిన సొమ్ములో మూడు లక్షల రూపాయలు పెట్టి ఇట్టి కారొకటి కొనెను. మధ్యాహ్నము వేళ కారును చూపిరి. ఇంజను అప్పటికే వేడెక్కి యుండుటచే తాళము త్రిప్పినంతనే కదలెను. నలువది దినములు గడువక మునుపే నడిదారిలో నీరు మరిగి ఆవిరి చిమ్మెను. ఇంజను తల క్రింది గాస్కెట్టు పోయి నీరు నూనెలో కలిసినదని మేస్త్రీ తేల్చెను. ఎరువులకై దాచిన పైకము మరమ్మతునకు పోయెను. ఎరువులకు మరల అప్పు చేయవలసి వచ్చెను. ఆ కారు తన రోగమును మొదటి దినముననే చెప్పియుండెడిది; అడిగినవారే లేకపోయిరి. అడుగు విధమును ఈ క్రింద వ్రాయుచున్నాము.

ముందుగా ఈ కార్ల పుట్టుక కొంత తెలిసికొనవలయును. 2006వ సంవత్సరపు కేంద్ర బడ్జెటులో 4 మీటర్లకు మించని పొడవు గల చిన్న కార్లపై ఎక్సైజు సుంకమును తగ్గించిరి. అందుచే డిక్కీని కురుచచేసిన కార్లు హెచ్చినవి. 2008లో వచ్చిన మారుతి డిజైరు కారును 2012లో 3,995 మిల్లీమీటర్ల పొడవునకు కుదించిరి. 2013లో హోండా అమేజు, 2014లో హ్యుండాయి ఎక్సెంటు వచ్చినవి. ఈ తరగతి కార్లు అనేకములు అద్దెబండ్లుగా తిరిగినవి. కావున మీటరులోని అంకెను మాత్రము నమ్మరాదు. అది తక్కువగా నుండి, పెడళ్ల రబ్బరు అరిగి, స్టీరింగు నునుపెక్కి, డ్రైవరు సీటు క్రుంగియున్నచో, ఆ యంకె అబద్ధమని యెంచుడు. మారుతి కంపెనీవారు 2020 ఏప్రిలు నుండి డీజిలు కార్లను అమ్ముట మానిరి. కనుక డీజిలు డిజైరు ఏదైనను అంతకు పూర్వపుదే యని తెలిసికొనుడు.

కారును ఉదయముననే చూడవలయును. తాము వచ్చువరకు ఇంజనును నడుపవలదని అమ్మువానికి ముందుగా చెప్పుడు. బానెట్టుపై చేయి వేసి, చల్లగా నున్న పిమ్మటనే పని ప్రారంభింపుడు. చల్లగా నున్నపుడు మాత్రమే నీటిడబ్బా మూత తీయవలయును. వేడి ఇంజనుపై తీసినచో ముఖము కాలును. నీటిపై నూనె తేలినను, నూనె పోయు మూత క్రింద మీగడవంటి తెల్లని జిగట యున్నను, గాస్కెట్టును అనుమానింపవలయును.

పిమ్మట తాళమును సగము త్రిప్పుడు. ఇంజను గుర్తు గల దీపము వెలిగి, ఇంజను నడచిన వెంటనే ఆరిపోవలయును. ఆరకున్నను దోషమే, అసలు వెలుగకున్నచో లోపమును దాచిరని అనుమానింపుడు. ఇంజను నడువగానే వెనుకకు పోయి పొగను చూడుడు. చలివేళ కొంచెము తెల్లని యావిరి వచ్చి ఆగిపోవుట సహజము. ఆగక వచ్చు తెల్లని పొగ నీరు లోపల కాలుచున్నదనుటకు గుర్తు. నీలిపొగ నూనె కాలుచున్నదని చెప్పును. రింగులు గాని, వాల్వు సీళ్లు గాని, టర్బో గాని అరిగియుండవచ్చును. డీజిలు కారునుండి దట్టమైన నల్లపొగ వచ్చినచో ఇంజెక్టర్లను చూపింపవలయును. ఇంజెక్టర్లును టర్బోయు మిక్కిలి ఖరీదైనవి.

క్లచ్చిని పరీక్షించుటకు, చదునైన చోట, ముందు ఎవరును లేకుండ, హాండుబ్రేకు వేసి మూడవ గేరులో క్లచ్చిని మెల్లగా వదలుడు. ఇంజను వెంటనే ఆగిపోవలయును. ఆగక తిరుగుచున్నచో ప్లేటు అరిగినది. స్టీరింగును పూర్తిగా ఒకవైపునకు త్రిప్పి నెమ్మదిగా నడుపుడు. టకటకమను చప్పుడు వచ్చినచో ముందు చక్రముల ఇరుసు కీళ్లు చెడినవి. గతుకుల బాటపై అద్దములు దించి నడుపుడు. క్రిందనుండి దడదడ వినబడినచో బుష్షులును షాకబ్జర్లును అరిగినవి. ఈ కార్లు నేలకు దగ్గరగా నుండును. బండిబాటల మీద తిరిగినవానికి అడుగున నూనెతొట్టి సొట్టపడి కారుట కలదు. కావున వంగి క్రింద చూడక విడువకుడు.

టైరు ప్రక్కన అండాకారపు గడిలో 4 అంకెలుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేసినదని యర్థము. టైరు ఒక ప్రక్కనే అరిగినచో చక్రముల వరుస తప్పినది; లేదా కారు దెబ్బతిని చట్రము వంగినది.

వరదలో మునిగిన కారు అన్నిటికంటె ప్రమాదకరము. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడయందును అనేక వాహనములు నీట మునిగినవి. అట్టివాటిని కడిగి, తుడిచి, చౌకగా దూరగ్రామములందు అమ్మజూపవచ్చును. నీరు తాకిన తీగలు కొన్ని నెలలకు గాని చెడవు. సీటుబెల్టును చివరివరకు లాగి బురదచార కలదేమో చూడుడు. కాలిక్రింది తివాచీ ఎత్తి మట్టిని, సీట్ల బోల్టులందు త్రుప్పును వెదకుడు. ముక్కవాసన వచ్చినచో ఎంత చౌకయైనను వదలివేయుడు.

ఇవి యన్నియు చూచిన పిమ్మటను, అమ్ముదల వానితో సంబంధము లేని మేస్త్రీకి చూపక సొమ్ము ఇయ్యరాదు. అతడు చిన్న యంత్రమును తగిలించి కారులోని కంప్యూటరు వ్రాసికొనిన లోపములను చదువగలడు. కొనదలచిన సభ్యులు నలుగురు కలిసి ఒకే మేస్త్రీని కుదుర్చుకొన్నచో కూలి భారము కాదు. రిజిస్ట్రేషను కార్డులోని ఇంజను, చాసిస్ నంబరులను కారుపైనున్నవానితో సరిచూచుకొనుడు. బ్యాంకు అప్పున్నచో అది తీరిన పత్రమును, పేరుమార్పునకు 29, 30 ఫారములపై సంతకములను తీసికొనుడు.

చివర నొక్క మాట. కారు వెల అమ్మువాడు చెప్పినంత మాత్రమే కాదు. మొదటి యేట మరమ్మతులకగు ఖర్చును దానికి చేర్చుకొనవలయును. ఆ రెండును కలిపి మిగులు పైకములో ఇమిడినపుడే కొనుడు. పంటకై సంఘమునుండి తెచ్చిన అప్పును ఇందుకు ముట్టకుడు. కొనువానికి నచ్చని కారును వదలి వచ్చుట అవమానము కాదు. సంతలో మంచి యెద్దు దొరకనపుడు పలుపుతాడు భుజమున వేసికొని ఇంటికి వచ్చిన రైతును ఎవ్వరును నవ్వరు గదా!