పోచారం చెరువుకు వెళ్లే సంఘాలకు

మెదక్ కెథీడ్రల్‌కు బస్సులు కట్టుకుని వచ్చే సంఘాల్లో చాలామంది, ఆరాధన అయ్యాక అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని పోచారం చెరువుకు కూడా వెళ్లివస్తారు. కట్ట దగ్గర అన్నం గిన్నెలు దించుతారు, పిల్లలు నీళ్లలో దిగుతారు, స్పీకర్‌లో పాటలు మోగుతాయి, గంటన్నరలో బస్సు తిరుగుముఖం పడుతుంది. చలికాలపు యౌవనస్థుల క్యాంపులకు ఏర్పాట్లు చేసుకునే సంఘాల కోసం ఆ చెరువు గురించీ, దాని పక్కనున్న అడవి గురించీ కొంచెం వివరంగా రాస్తున్నాం.

చెరువుకూ గుడికీ దాదాపు ఒకే వయసు. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ పోస్నెట్ దొరగారు కట్టించిన గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. మంజీరలో కలిసే వాగు మీద నిజాం ప్రభుత్వం కట్టిన ఆనకట్ట అంతకు రెండేళ్ల ముందు, 1922లో పూర్తయింది. పక్కనున్న అడవి అప్పట్లో నిజాం వేటస్థలం. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అంటే అది పార్కు కాదు. చుక్కల దుప్పులు, కణుతులు, మనుబోతులు, కొండగొర్రెలు, ఎలుగుబంట్లు ఉండే చోటు. మధ్యాహ్నం పూట మైకు పెట్టుకుని వెళ్లిన వాళ్లకు వీటిలో ఒక్కటీ కనబడదు. "అక్కడ చూడటానికేముంది?" అని తిరిగొచ్చి చెప్పేది కూడా వాళ్లే.

చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, తెల్లవారకముందే అక్కడ ఉండాలి. తల మీద రెండు నల్లటి అడ్డపట్టీలున్న పెద్ద బాతులు ఆ నెలల్లో హిమాలయాలు దాటి ఇటు వస్తాయి. పై ముక్కూ కింది ముక్కూ మధ్యలో కలవకుండా సందు ఉండే కొంగలు బురదలో నత్తల్ని వెతుక్కుంటుంటాయి. గుంపుకు ఒక్క బైనాక్యులర్ ఉన్నా చాలు. ఆదివారపు బడి పిల్లలకు అరగంట మౌనం నేర్పడం కష్టమే, కానీ పక్షుల దగ్గర వాళ్లు మనకన్నా త్వరగా నేర్చుకుంటారు.

అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. జంతువుల్ని అల్లరి పెట్టడం, చెత్త పారేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరాలు. అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం కూడా అంతే. క్యాంప్ అనగానే మంట చుట్టూ కూర్చుని పాడుకోవడం మన యౌవనస్థులకు ఇష్టం. అయితే ఆకు రాల్చే ఈ అడవిలో ఫిబ్రవరి దాటితే నేలంతా ఎండుటాకే. మంటలేని సాయంకాల కూడిక కూడా కూడికే అని మా అభిప్రాయం. రోడ్డు మీది కోతులకు అరటిపండ్లు విసరడం కూడా మానాలి. తిండికి అలవాటు పడ్డ కోతి రోడ్డు వదలదు, చివరికి ఏ లారీ కిందో పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. విహారయాత్రకు వెళ్లిన యువకులు చెరువులో మునిగిపోయారన్న వార్త ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉన్నాం. ఆనకట్ట వెనుక నీటి అడుగు చదునుగా ఉండదు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో పాత వాగు గుంటలోకి జారిపోవచ్చు. పేరుకున్న ఒండ్రులో కాలు దిగితే ఈత వచ్చినవాడికైనా పైకి తీయడం కష్టం. గలిలయ సముద్రమని మనం చదివేది కూడా ఒక మంచినీటి సరస్సే. అక్కడ పుట్టి పెరిగిన జాలరులే గాలివానకు భయపడ్డారు. కాబట్టి నీళ్లలో దిగవద్దని బస్సు ఎక్కకముందే, తల్లిదండ్రుల ఎదుటే చెప్పాలి. పెద్దవాళ్లు ఇద్దరు ఫోన్లు పక్కనపెట్టి ఒడ్డునే నిలబడాలి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకూడదు. ఒకరి కోసం ఇంకొకరు దూకే ముగ్గురు నలుగురు పోతున్నారు. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బాకు పొడవాటి తాడు కట్టి దగ్గర ఉంచుకోండి. అది విసిరితే పట్టుకుని తేలతారు. తాడు లేకపోతే నాలుగు చున్నీలు ముడివేసినా సరే.

రాత్రి గుడారాల్లో పడుకోవాలనుకునే సంఘాలు అటవీశాఖ వారినో, టూరిజం వారినో ముందే అడిగి, అనుమతించిన చోటే దిగాలి. ములుగు జిల్లా లక్నవరం చెరువు దగ్గర టూరిజం వారి బస ఉంది, వేలాడే వంతెన దాటి దీవి మీదికి వెళ్లొచ్చు. ముసలివాళ్లను కూడా తీసుకెళ్లే సంఘాలకు అది అనుకూలం. పోచారానికి మాత్రం హైదరాబాద్ నుంచి తెల్లవారేసరికి చేరాలంటే రెండు, మూడు గంటలకే బయల్దేరాలి. ముందురోజు సాయంత్రమే వచ్చి మెదక్‌లో పడుకుంటే డ్రైవరుకు కూడా నిద్ర దక్కుతుంది.