తనకు మాలిన ధర్మము

“తనకు మాలిన ధర్మము మొదలు చెడిన బేరము” అని మన పెద్దలు చెప్పిన సామెత ఒకటి కలదు. దీనిని తరచుగా లోభులు తమకు సాక్ష్యముగా తెచ్చుకొందురు. వాకిట నిలిచినవానికి పిడికెడు గింజలు వేయుటకు మనసు రానప్పుడు ఈ మాట నాలుక చివర సిద్ధముగా ఉండును. అందుచేత దయగలవారికి ఈ సామెతపై కొంత విముఖత కలిగినది. ముందు తన సంగతి చూచుకొనువాడు ఇతరులకు ఏమి సాయపడగలడని వారు ప్రశ్నింతురు. స్వావలంబనము, పరోపకారము అనునవి ఒక ఒరలో ఇమడని రెండు కత్తులని పలువురి తలంపు.

ఈ తగవును తీర్చుటకు శాస్త్రగ్రంథములు తిరగవేయనక్కరలేదు, నీటిని అడిగిన చాలును. కృష్ణ దిగువ డెల్టాలో పుట్టినవారికి నీరు పరాయిది కాదు గదా! గుడివాడ చుట్టుప్రక్కల పల్లెలలో బడికి పోవు పిల్లవాడు ఏదో ఒక కాలువ గట్టు ఎక్కక తప్పదు. బందరువారికి సముద్రము ఇరుగుపొరుగు. దివిసీమ సంగతి చెప్పనే అక్కరలేదు. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలై, ఆ పాయల నడుమ, సముద్రము అంచున నిలిపిన దీవి అది. ఇట్టి సీమలో ఒకరినొకరు కాపాడుకొనుట ఎట్లు అనునది నిత్యజీవితములోని ప్రశ్న.

ఈ ప్రశ్నను మిక్కిలి నిశితముగా ఆలోచించినవారిలో స్కూబా ఈతగాళ్ళు ఒకరు. వీపున గాలి నింపిన సిలిండరు కట్టుకొని, నోట గొట్టము పెట్టుకొని, సముద్రగర్భములోని చేపలను, పగడపు దిబ్బలను చూచుటకు వినోదార్థము దిగువారు వీరు. వెనుకటి రోజులలో నీట మునిగి పనిచేయువానికి ఓడ మీదనుండి పొడవైన గొట్టము ద్వారా గాలి పంపెడివారు. పైనున్నవాడు ఏమరిన క్రిందివాని ప్రాణము పోవును. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గన్యాన్ అను ఇరువురు కూడి, ఈతగాడు పీల్చినప్పుడు మాత్రమే అతనికి కావలసినంత గాలిని, కావలసిన పీడనముతో అందించు సాధనమును తీర్చిదిద్దినారు. దానితో గొట్టపు బంధము తెగినది. ‘స్కూబా’ అను పేరు కొన్ని ఆంగ్లపదముల మొదటి అక్షరముల కూర్పు. అందు మొదటి రెండు అక్షరములకు ‘తనకు కావలసినది తనలోనే కలది’ అని అర్థము. స్వావలంబనము ఆ పేరులోనే ఉన్నదన్నమాట.

మన బందరు తీరమున ఈ వినోదమునకు తావు లేదు. కృష్ణ తెచ్చి కలుపు ఒండ్రు వలన ఇచ్చటి నీరు బురదవన్నెతో ఉండి, అడుగున ఏమున్నదో కంటికి తెలియదు. తెలుగునాట ఈ విద్య నేర్వగోరువారు విశాఖపట్నము పోవుదురు. అయినను వారి విద్యలోని నీతి మనకు ఒండ్రు నీటిలోను పనికివచ్చును.

ముందుగా ఆ విద్యలోని లెక్కను చూతము. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణము కాగలదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము చొప్పున పెరుగును. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణముల పీడనముతో గాలి నింపిన, అది ఉపరితలమున 2,400 లీటర్ల గాలికి సమానము. నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి ఒడ్డున అది రెండు గంటలు వచ్చును. 20 మీటర్ల లోతున పీడనము మూడు రెట్లు గనుక అదే గాలి 40 నిమిషములలో తరిగిపోవును. భయపడి ఆయాసపడువానికి ఆ 40 నిమిషములును ఉండవు. కనుక నీటి అడుగున నిబ్బరము కేవలము ఒక సద్గుణము కాదు, అది కొలిచి చూపదగిన ఆస్తి.

మరియొక నియమము ఉన్నది. సిలిండరు గాలి పీల్చువాడు ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి, పైకి వచ్చుసరికి బాయిల్ సూత్రము ప్రకారము రెండింతలగును. దానిని బిగబట్టినవాని ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చును. ఒకనిని కాపాడవలెనను తొందరలో ఈ నియమము మరచినచో, ఆదుకొనబోయినవాడే ఆపదలో పడును. అందువలననే ఇతరులను కాపాడు విద్యలో వారికి నేర్పు మొదటి పాఠము తన్ను తాను కాపాడుకొనుట. ముఖమున అద్దము ఊడిన కంగారుపడక సరిచేసికొనుట, నోటి గొట్టము జారిన వెదకి పట్టుకొనుట, కాలి కండరము పట్టినప్పుడు నిదానముగా సడలించుకొనుట, ఇవన్నియు చేతికి అలవడిన పిమ్మటనే ఇతరుని వంక చూడనిత్తురు.

అట్లని వారు ఒంటరివారు కారు. సాధారణముగా ఇద్దరిద్దరు జతగా దిగుదురు. దిగుటకు ముందు ఒకరి సామగ్రిని మరియొకరు పరీక్షింతురు. ప్రతివాని వద్దను రెండవ నోటిగొట్టము ఒకటి ఉండును. అది తనకొరకు గాక, గాలి అయిపోయిన జతగానికై ఉంచినది. తడవులాడకుండ కనబడుటకై దానికి తరచుగా పసుపుపచ్చని రంగు వేయుదురు.

ఇక్కడనే వారిలో ఒక పాత తగవు కలదు. జతగాడున్నాడను ధీమాతో మనిషి తన పని నేర్వక సోమరియగునని కొందరందురు. అట్టివాడు సాయము చేయువాడు కాడు, మోయవలసిన బరువు. కావున నేర్పరి రెండవ గాలి సాధనమును తానే మోసికొని ఒంటరిగా దిగుట మేలని వారి వాదము. ఎంతటి నేర్పరికైనను స్మృతి తప్పవచ్చును, వలలో కాలు చిక్కవచ్చును, అప్పుడు పసుపు గొట్టము అందించు చేయి లేనిదే బ్రతుకు లేదని ఎదుటి పక్షమువారి వాదము. ఇరుపక్షములలోను నిజమున్నది.

ఈ తగవునకు చక్కని సమాధానము నీటితో నిండిన గుహలలోనికి పోవువారి వద్ద లభించును. గుహలో ఆపద వచ్చిన తిన్నగా పైకి తేలుటకు వీలు లేదు, వచ్చిన దారినే మరలి పోవలెను. కావున వారు తమ గాలిని మూడు పాళ్ళుగా భాగింతురు. ఒక పాలు లోనికి పోవుటకు, ఒక పాలు తిరిగి వచ్చుటకు, మూడవ పాలు ముట్టరాదు. ఈ మూడవ పాలు ఎందులకు? విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. మిక్కిలి దూరమున నుండగా జతగాని గాలి పూర్తిగా పోయినదనుకొందము. ఆ క్షణమున రెండవవాని వద్ద రెండు పాళ్ళు మిగిలియుండును. ఇద్దరును వెలుపలికి వచ్చుటకు చెరియొక పాలు కావలెను. లెక్క సరిపోయినది. నిలువ పాలును తన విలాసమునకు ముట్టినవాడు జతగానిని కాపాడలేడు. తన గాలిని తాను తెచ్చుకొననివాడు అసలే కాపాడలేడు. స్వావలంబనము పరోపకారమునకు శత్రువు కాదనియు, దానికి మూలధనమనియు ఈ చిన్న లెక్క చెప్పుచున్నది.

ఈ లెక్క ప్రపంచమునకు ప్రత్యక్షముగా కనబడినది 2018లో. ఆ సంవత్సరము జూన్ 23న తాయిలాండు దేశమున తామ్ లువాంగ్ అను గుహలోనికి పోయిన 12 మంది బాలురు, వారికి బంతియాట నేర్పు యువకుడు వరదనీరు దారి మూసివేయగా లోపల చిక్కుకొనిరి. జులై 2న వారిని కనుగొనినవారు రిచర్డ్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ అను బ్రిటిషు ఈతగాళ్ళు. వారిలో ఒకరు అగ్నిమాపక దళమున పనిచేసి విరమించినవారు, రెండవవారు కంప్యూటర్ల పనివారు. గుహల ఈత వారికి జీతపు పని కాదు, సెలవు దినముల వ్యాపకము. సంవత్సరముల తరబడి తమ వినోదమునకై, ఎవరిపైనను ఆధారపడక ఇరుకు గుహలలో ఈదిన అభ్యాసమే ఆనాడు పదమూడు ప్రాణములకు ఆధారమైనది. ఆస్ట్రేలియాకు చెందిన వైద్యుడు రిచర్డ్ హారిస్ బాలురకు మత్తుమందు ఇచ్చి కదలక మెదలక ఉండునట్లు చేయగా, జులై 8 మొదలు 10 వరకు ఒక్కొక్కరిని నీటి క్రిందుగా వెలుపలికి చేర్చిరి. బాలునికి గాలి అందుచున్నదా అని చూచుటతోపాటు తన గాలిని తాను చూచుకొనుట ప్రతి ఈతగానికిని విధియైనది.

ఆ కార్యము త్యాగము లేకయే ముగియలేదు. తాయి నౌకాదళమున మునుపు పనిచేసి స్వచ్ఛందముగా వచ్చిన సమన్ కునాన్, లోపలివారికై గాలి సిలిండర్లు ఉంచి తిరిగి వచ్చుచు జులై 6న ప్రాణములు విడిచినాడు. నేర్పరియైనను నీటి యెదుట ఎవరికిని అభయము లేదని ఆయన మరణము తెలుపుచున్నది. అట్టివారి త్యాగమును తలచి చేతులు జోడింతుము. ఆ త్యాగము మరల అవసరము కాకుండునట్లు ముందుగా సిద్ధపడుట అంతకు మించిన గౌరవము.

ఈ మాట మన సీమకు మరింత చెల్లును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరు పట్టణమును ముంచివేసినది. 30,000 మంది మరణించిరని గెజెటీరులలో వ్రాసినారు. 1977 నవంబరు 19, శనివారమున మరల సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము దివిసీమపై పడినది. సుమారు పదివేల మందిని అది పొట్టన పెట్టుకొనినదని ప్రభుత్వపు లెక్క. లెక్కకు రానివారు ఇంకను ఉందురని పలువురందురు. తాటిచెట్లను, కొబ్బరిచెట్లను పట్టుకొని రాత్రి గడిపి బ్రతికినవారు తమ కథలను మనుమలకు చెప్పుచు వచ్చిరి. ఆనాడు దివిసీమలో లోపించినది ధైర్యము కాదు, దయ కాదు. హెచ్చరిక సకాలమున ప్రతి గుడిసెకును చేరు దారి, ఊరంతయు ఎక్కి నిలువదగిన ఎత్తైన కట్టడము, అనగా ఆ మూడవ పాలు, లోపించినది.

ఉప్పెన తరువాత సాయము నలుదెసలనుండి వచ్చినది. దివిసీమ నాయకులు మండలి వెంకటకృష్ణారావుగారు సహాయ కార్యములకు పూనుకొనిరి. నిమ్మకూరున పుట్టిన నందమూరి తారక రామారావుగారు, గుడివాడ దాపున రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారు ఊరూర తిరిగి విరాళములు పోగుచేసిరి. క్రమముగా తీరమున తుఫాను ఆశ్రయములు లేచినవి. 1990 మే 9న అంతటి తుఫానే మరల కృష్ణా ముఖద్వారము వద్ద తీరము దాటినది. అప్పటికి లక్షల మందిని ముందుగానే తరలించియుండుటచే ఈ పర్యాయము మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచినది. ఆ ప్రాణములును ప్రాణములే, దుఃఖము దుఃఖమే. అయినను ఈ రెండు సంవత్సరముల నడిమి భేదము, ముందుగా కూర్చుకొనిన నిలువ విలువ ఎంతటిదో చెప్పుచున్నది.

ఉప్పెన ఏ తరమునకో ఒకమారు వచ్చును. కాలువ ప్రతిదినమును ఉన్నది. ప్రపంచమున ఏటేట సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపినది. వారిలో చిన్నపిల్లలు అనేకులు. వేసవి సెలవులలో మన పత్రికలు తెరచిన, ఒకనిని కాపాడబోయి రెండవవాడు, వానికై మూడవవాడు మునిగిన వార్త కనబడుచునే ఉండును. ఆ రెండవ, మూడవ బాలురు పిరికివారు కారు, స్వార్థపరులు కారు. వారికి ఎవ్వరును చెప్పని పాఠము ఒకటి ఉన్నది.

ఆ పాఠము చిన్నది. మునుగుచున్నవాడు ఆత్రమున చేతికందినదానిని క్రిందికి త్రొక్కును. అది స్నేహితుని భుజమైనను సరే. కావున వానికి చేయి ఈయరాదు, వస్తువును ఈయవలెను. మొదట బిగ్గరగా కేకవేసి పెద్దలను పిలువవలెను. ఒడ్డున పండుకొని వెదురుగడయో, పంచెయో, చీరయో చాచవలెను. అందనిచో తాడు విసరవలెను. మూతబిగించిన ఖాళీ ప్లాస్టికు డబ్బాయైనను మనిషిని తేల్చును. పడవ ఉన్న పడవ వేయవలెను. తాను దిగుట చిట్టచివరి మార్గము, అదియు నేర్చినవారికి మాత్రమే. 2016 కృష్ణా పుష్కరములలో ఘట్టముల వద్ద నిలిపిన గజ ఈతగాళ్ళు ఇట్టి నేర్పరులు. వారి నేర్పు ఒక్కనాటిది కాదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును ఒక గంటలో చెప్పగలరు. పాఠశాల వరండాలో తాడు విసరుట పిల్లలకు ఆటవలె నేర్పవచ్చును. పెద్దల కనుసన్నలలో, లోతు తెలిసిన చోట, అరటి బోదెల మీద ఈత నేర్పుట మన పల్లెలకు క్రొత్త కాదు. ఊరిలో తుఫాను ఆశ్రయము ఎక్కడ ఉన్నదో, దానికి పోవు దారి ఏదో, తన ఇంటిలో నడువలేని ముసలివారిని ఎవరు తీసికొనిపోవలెనో ప్రతి బాలునికి, బాలికకు తెలిసియుండవలెను. తన దారి తెలిసిన పిల్లవాడే పొరుగింటి అవ్వ చేయి పట్టుకొని నడిపించగలడు.

ఇప్పుడు మన సామెతను మరల చదువుదము. అది ధర్మము వలదని చెప్పలేదు. ధర్మమును బేరముతో పోల్చి, మొదలు చెడగొట్టుకొనవద్దని మాత్రమే చెప్పినది. మొదలు ఉన్న వర్తకుడు పదిమందికి సరకు అందించును, మొదలు పోయినవాడు తానే అప్పులవాడగును. ఊపిరి, ఈత, తాడు, తెలిసిన దారి, ఇవి నీటి అంచున బ్రతుకు మనకు మొదలు. దీనిని కూడబెట్టుట తనకొరకే అని తలచువాడు సామెతను సగమే చదివినవాడు. ఎవరి గాలి ఎప్పుడు తరిగిపోవునో ఎవరికిని తెలియదు గనుక, మూడవ పాలు సిద్ధముగా ఉంచుకొనుట మనలో ప్రతి ఒక్కరును పొరుగువానికి పడియున్న ఋణము.