వారం చీటీ: పన్నెండు చిక్కీలు, ఐదుగురు పిల్లలు, శేషం రెండు

పోయిన ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది పావుగంటే. అందులో రెండుసార్లు ఇక్కడ యాంగోన్‌లో కరెంటు పోయి లైను తెగింది. దాంతో "వారం చీటీ" సంగతి సగంలో ఆగిపోయింది. తర్వాత దుబాయ్ నుంచి, కువైట్ నుంచి, సింగపూర్ నుంచి చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. "అన్నా, ఆ చీటీ ఏంటి? మా పిల్లల బడిలో కూడా అడగొచ్చా?" అని. మాట్లాడినదంతా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంది. మాట్లాడకుండా మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను. నేను ఐటీఐ చదివి సైటు మీద పెరిగినవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మాది కాకినాడ దగ్గర తాళ్ళరేవు మండలం. కోరంగి మా పక్కనే. 1839 తుఫానులో దెబ్బతిన్న పాత ఓడరేవు అది. మన జిల్లాల్లో ఆ పేరు ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్లేవాళ్లకే గుర్తు. రంగూన్‌లో మాత్రం ఒకప్పుడు తెలుగువాళ్లందరినీ "కోరంగీలు" అనే పిలిచేవారు. రేవులో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. 1930 మే నెలలో సమ్మె, దాని వెంట గొడవలు, ప్రాణాలు పోవడం, అదంతా వేరే ఎపిసోడ్‌కి సరిపడా కథ. ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, వాళ్లకి ఇంటి కబురు తెలియాలంటే ఓడ రావాలి. నా జేబులో ఫోనుంది. అయినా మా అమ్మాయికీ నాకూ మాటల్లేవు.

రోజూ ఫోన్ చేసేవాణ్ణండి. "తిన్నావా?" "ఆఁ." "చదువుకున్నావా?" "ఊఁ." "ఎన్ని మార్కులు?" "పద్దెనిమిది." "మిగతా రెండూ ఏమయ్యాయి?" అంతే, ఫోను వాళ్లమ్మ చేతికి వెళ్లిపోయేది. మీలో చాలామందికి ఈ సంభాషణ తెలుసు. పేర్లు మారతాయి, మార్కులు మారతాయి, మిగతాదంతా ఒకటే.

చీటీ అంటే ఏంటి

2024 జూన్‌లో మా అమ్మాయి మూడో తరగతికి వచ్చింది. ఆ తరగతి టీచరుగారు ప్రతి సోమవారం పిల్లల డైరీలో చిన్న చీటీ అంటిస్తారు, అదే తల్లుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. అందులో నాలుగే వరసలు. ఈ వారం తెలుగులో ఏ పాఠం, లెక్కల్లో ఏ సంగతి, ఒక కొత్త మాట, ఒక మంచి పని. శనివారం పిల్లలు గుండ్రంగా కూర్చుని ఆ మంచి పని ఎవరు ఎలా చేశారో చెప్పుకుంటారు.

టీచరుగారు అడిగేవి మూడు ప్రశ్నలు. ఏం చేశావు? అవతలివాళ్లు ఏమన్నారు? నీకెలా అనిపించింది? మార్కుల్లేవు, స్టార్లు లేవు, ఫస్టు సెకండు లేవు. చెప్పడానికి ఏమీ లేనివాళ్లు "వచ్చే వారం చెప్తాను" అనొచ్చు. ఎవరూ నవ్వకూడదు.

స్టార్లు ఎందుకు ఇవ్వరని నేను ఒకసారి గ్రూపులో అడిగాను. "స్టారు ఇస్తే పిల్లలు స్టారు కోసమే చేస్తారండి. స్టారు ఆపిన రోజున పని కూడా ఆపేస్తారు" అన్నారు. బోనస్ ఆపిన వారం సైటులో ఏం జరుగుతుందో చూసినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

వారానికి ఒకటే ఎందుకు

మనకి సైటులో టూల్‌బాక్స్ టాక్ ఉంటుంది కదా. పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి ఒకే ఒక్క సంగతి చెప్తాం. ఈ వారం సేఫ్టీ బెల్టు, వచ్చే వారం నిచ్చెన. పది సంగతులు ఒకేసారి చెబితే ఒక్కటీ తలకెక్కదు. చీటీ కూడా అంతే. ఒక్కరోజే గడువు ఇస్తే, ఆ రోజు కుదరని పిల్లకి పని ఎగిరిపోతుంది. నెల గడువు ఇస్తే ఎవరికీ గుర్తుండదు. వారం అయితే సోమవారం మర్చిపోయినా బుధవారం చేయొచ్చు, బుధవారం బెడిసికొట్టినా శుక్రవారం సరిదిద్దుకోవచ్చు.

ఇంకో సంగతి. మంచి పని పాఠం నుంచే పుడుతుంది. విడిగా నీతిబోధ ఉండదు. భాగహారం వచ్చిన వారం చీటీలో ఇలా ఉంది: "పన్నెండు చిక్కీలు, ఐదుగురు పిల్లలు. ఒక్కొక్కరికి ఎన్ని? ఎన్ని మిగిలాయి? మిగిలినవి ఎవరికి?" మొదటి రెండూ లెక్క. తలా రెండు, శేషం రెండు. మూడోది లెక్క కాదు, దానికి పుస్తకంలో జవాబు లేదు. పిల్లలు శనివారం అరగంట వాదించుకున్నారట. ఒకడు "నేను పొడుగు కాబట్టి నాకే" అన్నాడు. చివరికి రెండూ బడిలో వంట చేసే ఇద్దరు ఆంటీలకి ఇచ్చారు.

ఆ వంట గురించి కూడా ఒక చీటీ వచ్చింది. మన ఆంధ్రలో మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు కదా. ఆ వారం కొత్త మాట "అన్నదానం". లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చినవాళ్లకి వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన ఆవిడ కథ చెప్పి, "ఈ వారం మీ కంచంలో అన్నం ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో కనుక్కోండి" అని పని ఇచ్చారు. మా అమ్మాయి లిస్టు రాసింది. రైతు, మిల్లు, లారీ, అమ్మ. చివర్లో "నాన్న (డబ్బులు)" అని రాసింది. ఆ బ్రాకెట్టు చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదండి.

నువ్వు ఎవరికి చెప్పావు నాన్నా?

ఆ తర్వాతి వారం పని: "మీ కోసం పని చేసేవాళ్లలో మీకు పేరు తెలియని ఒకరి పేరు కనుక్కొని, థాంక్స్ చెప్పండి." ఫోన్‌లో మొదటిసారి మా అమ్మాయే నన్ను ప్రశ్న అడిగింది. "నువ్వు ఎవరికి చెప్పావు నాన్నా?"

జవాబు లేదు. నా కింద పనిచేసే బర్మా వాళ్లు నన్ను "సయా" అంటారు. సయా అంటే గురువు. టీచరునీ, డాక్టరునీ, పెద్దసారునీ ఇక్కడ అలాగే పిలుస్తారు. వాళ్లు నన్ను గురువుగారూ అంటుంటే నేను వాళ్లని "ఏయ్" అంటున్నాను. మూడో అంతస్తుకి ఇటుకలు మోసే ఒకామె ఏడాదిగా నా ఎదురుగానే తిరుగుతోంది. ఆమె పేరు నాకు తెలియదు. మర్నాడు అడిగాను. "అమా" అని పిలిచి, అంటే అక్కా అని, "చేజూ తిన్ బా దే" అన్నాను. ఆమె భయపడింది. పనిలోంచి తీసేస్తున్నాననుకుంది పాపం. పక్కనున్న మేస్త్రి నవ్వుతూ సర్దిచెప్పాడు.

ఇంకో వారం పని "కోపం వస్తే పది లెక్కపెట్టి మాట్లాడండి". మంగళవారం స్లాబు పోసే రోజు సెంట్రింగ్ కింద జాకీ ఒకటి వదులుగా కనిపించింది. నేను ఒకటి కూడా లెక్కపెట్టలేదు, నోరు మొత్తం విప్పేశాను. రాత్రి ఆ సంగతి దాచకుండా అమ్మాయికి చెప్పాను. శనివారం అది తరగతిలో లేచి "మా నాన్న మంగళవారం అరిచేశాడంట" అని చెప్పింది. సిగ్గేసింది. కానీ టీచరుగారు ఆమెను అడిగిన ప్రశ్న బావుంది. "ప్రమాదం ఆపడానికి అరవడం వేరు, ఆగిన తర్వాత కూడా అరుస్తూ ఉండడం వేరు. మీ నాన్నగారిది ఏది?" నాది రెండోదండి. పనివాణ్ణి పక్కకి లాగేవరకు అరవడం నా డ్యూటీ. ఆ తర్వాత పది నిమిషాలు అరిచింది నా అహం.

ఇక్కడి బడిలో

ఆ అక్కగారి అబ్బాయి ఇక్కడ సర్కారు బడిలో రెండో తరగతి. తెలుపు, ఆకుపచ్చ బట్టలు. టీచరు రాగానే పిల్లలంతా చేతులు కట్టుకొని "మింగలాబా సయామా" అంటారు. మింగలా అంటే మన మంగళమే. గది ఊడ్చడం, బోర్డు తుడవడం వంతుల వారీగా పిల్లలే చేస్తారు. 2016 తర్వాత మార్చిన ప్రైమరీ చదువులో నీతి, పౌరనీతి కూడా ఒక సబ్జెక్టు. అక్టోబరు దాపుల్లో, తదింజుత్ పండగ రోజుల్లో, పిల్లలు మోకాళ్ల మీద వంగి గురువులకి దణ్ణం పెడతారు. అనంతమైన మేలు చేసినవాళ్లుగా వీళ్లు చెప్పుకునేవి ఐదు: బుద్ధుడు, ధర్మం, సంఘం, తల్లిదండ్రులు, గురువులు.

నాకు ఆశ్చర్యమేసింది మాటలు చూస్తే. సేవా పనిని వీళ్లు "పరహిత" అంటారు. అచ్చంగా మన పరహితమే. దారిన పోయేవాళ్లందరికీ ఉచితంగా అన్నం పెట్టడాన్ని "సతుదితా" అంటారు. పాళీ భాషలో నాలుగు దిక్కులు అని దానర్థం. ఏ దిక్కు నుంచి వచ్చినా తినిపో అని. సీతమ్మగారు ఇక్కడ పుట్టినా అదే పని చేసేవారు. ఈ రెండు మాటలూ వాయిస్ మెసేజ్‌లో పంపితే, తర్వాతి సోమవారం చీటీలో కొత్త మాట "పరహితం" అని వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో "రంగూన్ నుంచి" అని ఉంది. అంతకుముందు నేను ఇంటికి పంపినవి డబ్బులే.

మార్చి 28

2025 మార్చి 28, శుక్రవారం. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ. సగాయింగ్, మాండలే దగ్గర 7.7 తీవ్రతతో భూమి కంపించింది. యాంగోన్‌లో మాకు కాళ్ల కింద ఊగినట్టయింది గానీ సైటులో ఎవరికీ ఏమీ కాలేదు. అందరినీ కిందికి దింపి లెక్కపెట్టుకున్నాను. ఫోన్లు కలవలేదు. ఇంటిదగ్గర ఒంటిపూట బడి నడుస్తోంది, మా అమ్మాయి తరగతిలోనే ఉంది. సాయంత్రం దాకా నా మాట వాళ్లకి అందలేదు. ఆ కొన్ని గంటలు మా ఇల్లు ఎలా ఉందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

లైను కలిశాక అమ్మాయి ఏడ్చింది, నేను ఏడ్చాను. కాస్త తేరుకుని అది అడిగిన మొదటి మాట: "మరి ఆ ఇటుకల ఆంటీ వాళ్లు బాగున్నారా?"

నేను అడగనే లేదండి. ఆమె పుట్టిల్లు సగాయింగ్ వైపు. తలలు లెక్కపెట్టాను, అందరూ ఉన్నారు, నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు వెళ్లి అడిగితే, అన్నయ్య ఫోను కలవడం లేదంది. అయినా పనికి వచ్చింది, రాకపోతే కూలి పోతుందని. ఇదివరకైతే సెలవు అడిగినా హాజరు పట్టీలో గీత కొట్టేవాణ్ణి. ఈసారి ఆఫీసులో మాట్లాడి నాలుగు రోజులు కూలితో సెలవు రాయించాను. దారి ఖర్చుకి తెలుగువాళ్లం, బర్మా వాళ్లం తలా కొంత వేసుకున్నాం. వాళ్ల ఇల్లు కూలింది. అన్నయ్య బతికాడు. పక్కింట్లో వాళ్లు బతకలేదు.

ఆ వారం చీటీలో పని: "దూరంగా ఉన్న ఒకరి క్షేమం కనుక్కోండి."

మనం ఏం చేయొచ్చు

మీ పిల్లల బడిలో చీటీ లేకపోయినా పర్వాలేదు. ఆంధ్ర సర్కారు బడుల్లో 2025 జూన్ నుంచి శనివారం నో బ్యాగ్ డే, అడగడానికి మంచి సందర్భం. టీచరుగారిని మర్యాదగా అడగండి. కుదరదంటే ఇంట్లో ఆవిడా మీరూ కలిసి ఆదివారం నాలుగు వరసలు రాసుకోండి.

నేను నేర్చుకున్నవి ఇవి:

వారానికి ఒక టైము ఖాయం చేసుకోండి. నాకు ఇంటికంటే గంట ముందు. దుబాయ్, మస్కట్ వాళ్లు గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతార్ వాళ్లు రెండున్నర గంటలు వెనక, సింగపూర్, మలేసియా వాళ్లు రెండున్నర గంటలు ముందు. పిల్లలు నిద్రపోయే టైము చూసుకుని పెట్టుకోండి. నెట్ లేని రోజు వాయిస్ రికార్డు చేసి ఉంచండి, వచ్చినప్పుడు అదే పోతుంది.

మొదటి ప్రశ్న మార్కుల గురించి వద్దు. "ఈ వారం మిగిలిన చిక్కీ ఎవరికిచ్చావు?" అని మొదలెట్టండి.

పిల్లలకి ఇచ్చిన పని మీరూ చేయండి. చేయలేకపోతే చేయలేదని చెప్పండి. పిల్లలు మన గొప్పలు మర్చిపోతారు, మనం ఒప్పుకున్న తప్పులు గుర్తుంచుకుంటారు.

"మంచి పని చేస్తే సైకిల్ కొంటాను" అనొద్దు. సాయం చేస్తూ ఫోటో దిగి స్టేటస్ పెట్టొద్దు.

ఇంకొకటి, సూపర్‌వైజర్లకి. దయ అంటే కూలి ఎగ్గొట్టి చాక్లెట్ ఇవ్వడం కాదు. ముందు లెక్క సరిగ్గా చేయాలి, తలా రెండు. ఆ తర్వాతే శేషం గురించి మాట్లాడాలి.

మా అమ్మాయి ఇప్పుడు నాలుగో తరగతి. కొత్త టీచరుగారు చీటీ పెట్టడం లేదు. పోయిన ఆదివారం అదే ఒకటి రాసి ఫోటో పంపింది. తెలుగు, లెక్కలు, కొత్త మాట అన్నీ ఉన్నాయి. మంచి పని దగ్గర మాత్రం ఖాళీ వదిలి, "ఇది నువ్వు రాయి నాన్నా" అని పెట్టింది. రేపు సోమవారం. ఇంకా ఆలోచిస్తున్నాను. మీకేమైనా తోస్తే వాయిస్ మెసేజ్ పెట్టండి.