పీట ఫొటోకు వెలుతురు ఏ పక్క నుంచి రావాలి?

పొలం పనులు లేని రోజుల్లో మా నాన్న ఉలీ, బాడిసా పట్టుకుంటాడు. మొన్నటి ఎండాకాలం సెలవుల్లో పాత టేకు దూలం ముక్కతో ఒక పీట చేసి వార్నిషు పూశాడు. టౌనులో ఒకాయన కొంటానన్నారని, నేను రాత్రిపూట సెల్‌ఫోను ఫ్లాష్‌తో ఫొటో తీసి పంపాను. "ప్లాస్టిక్‌దా?" అని జవాబొచ్చింది. నాన్న ఏమీ అనలేదు. పీటను అటకెక్కించాడు. తప్పు పీటది కాదు, నాది. ఫిజిక్సు చదువుతూ కూడా వెలుతురు సంగతి ఆలోచించలేదు గదా!

దుక్కి దున్నిన చేను మిట్టమధ్యాహ్నం చదునుగా కనబడుతుంది. అదే చేను పొద్దువాలే వేళ చూడండి, ప్రతి చాలూ తేలుతుంది. ఏటవాలు వెలుతురుకు ప్రతి మిట్టా చిన్న నీడ వేస్తుంది. చెక్క మీది ఉలి గాట్లూ అంతే. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కనుక నీడలన్నీ వస్తువు వెనక్కి పోతాయి. పైగా వార్నిషు అద్దంలాంటిది. పతనకోణం, పరావర్తనకోణం సమానం కాబట్టి ఎదురుగా కొట్టిన వెలుగు ఎదురుగానే తిరిగొచ్చి తెల్లమచ్చవుతుంది. ఆ మచ్చ కింద టేకు చారలు మాయం.

కాబట్టి ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా పీట పెట్టాలి. నేరుగా ఎండ పడితే నీడలు కత్తితో కోసినట్టు వస్తాయి. మన కంటికి సూర్యుడు అర డిగ్రీ వెడల్పు మాత్రమే. కిటికీకి పలచని తెల్ల పంచె కడితే పంచె మొత్తం దీపమై నీడల అంచులు మెత్తబడతాయి. (మా అమ్మ "ఉతికిన పంచెరా అది!" అని కేకలేసింది.) రెండో పక్క తెల్ల చార్టు నిలబెడితే చీకటి కాస్త తగ్గుతుంది. మరీ తగ్గించకండి, నీడే మనకు కావలసింది.

గదిలో బల్బు ఆర్పేయాలి. పగటి వెలుతురు సుమారు 5500 కెల్విన్, ఫిలమెంటు బల్బు సుమారు 2700. రెండూ కలిస్తే పీట ఒక పక్క నీలంగా, మరో పక్క పసుపుగా వస్తుంది. కెమెరా ఏదో ఒకదానికే సర్దుకోగలదు.

ఏటికొప్పాక లక్క బొమ్మల్లాంటి గుండ్రటి వస్తువులకు మెరుపు పూర్తిగా పోదు, పోకూడదు కూడా. పంచె పెద్దదైతే ఆ మెరుపు చుక్కలా కాక పట్టీలా పరుచుకుని గుండ్రదనాన్ని చూపిస్తుంది.

అటక మీంచి పీట దింపి, ఉదయం 8 గంటలకు తూర్పు కిటికీ దగ్గర మళ్లీ తీశాను. చారలతో పాటు దూలంలోని పాత మేకు గుంట కూడా పడింది. నాన్న ఫోను పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అప్పుడే పంపకు. ఆ గుంటకు లప్పం పెడతా" అన్నాడు.