బార్లో కటకం కొనాలా?

కాంతి పాఠం చెబుతుండగా పదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "సార్, మా టెలిస్కోప్‌కి బార్లో లెన్స్ కొనమంటారా? అది పుటాకార కటకమట. పుటాకార కటకంలోంచి చూస్తే అన్నీ చిన్నగా కనిపిస్తాయని మీరే చెప్పారు కదా, మరి శనిగ్రహం పెద్దదెలా అవుతుంది?" అని అడిగాడు. మొదటి ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నలోనే ఉంది.

టెలిస్కోప్‌లోని పెద్ద కటకం గానీ, దర్పణం గానీ నక్షత్రకాంతిని శంకువులా కుదిస్తూ నాభి దగ్గరికి చేరుస్తుంది. అక్కడ ఏర్పడే చిన్న ప్రతిబింబాన్ని ఐపీస్ అనే భూతద్దంతో చూస్తాం. బార్లో కటకం నాభికి కాస్త ముందే ఈ శంకువుకు అడ్డం నిలుస్తుంది. కలవబోతున్న కిరణాలను కొద్దిగా విడదీస్తుంది. దాంతో అవి ఇంకొంచెం దూరం వెళ్లి, మునుపటికన్నా సన్నని కోణంలో కలుస్తాయి. ఆ సన్నని శంకువును వెనక్కి పొడిగించి గీసి చూడండి. అది రెట్టింపు దూరంలో ఉన్న కటకం నుంచి వచ్చినట్టే ఉంటుంది!

లెక్క కూడా మన పాఠంలోనిదే. బార్లో నాభ్యంతరం 100 మి.మీ. అనుకుందాం. దాన్ని నాభికి 50 మి.మీ. ముందు పెడితే కొత్త ప్రతిబింబం కటకం వెనుక 100 మి.మీ. దూరంలో, రెట్టింపు పరిమాణంలో ఏర్పడుతుంది. గొట్టం 50 మి.మీ. పెరిగితే చాలు, 650 మి.మీ. నాభ్యంతరమున్న టెలిస్కోప్ 1300 మి.మీ. దానిలా పనిచేస్తుంది. అదే కటకానికి 200 మి.మీ. వెనుక ప్రతిబింబం పడేలా అమర్చితే మూడు రెట్లు వస్తుంది. అందుకే బార్లోకూ ఐపీస్‌కూ మధ్య కాంతిని పక్కకు తిప్పే డయాగొనల్ అద్దం పెడితే 2 ఎక్స్ అని రాసి ఉన్న బార్లో అంతకన్నా ఎక్కువే పెంచుతుంది.

పీటర్ బార్లో ఇంగ్లండ్‌లోని వూలిచ్ సైనిక అకాడమీలో గణితం చెప్పేవాడు. మంచి ఫ్లింట్ గాజు పెద్ద పలకలుగా దొరకని ఆ రోజుల్లో, గాజుకు బదులు కార్బన్ డైసల్ఫైడ్ ద్రవం నింపిన కటకంతో దాదాపు 8 అంగుళాల టెలిస్కోప్ తయారు చేయించాడు. ఆ ద్రవ కటకాన్ని కూడా ముందు కటకానికి చాలా వెనుక, శంకువు సన్నబడిన చోటే పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన గాజు పుటాకార కటకాన్ని జార్జ్ డాలండ్ తయారుచేసి, 1834లో రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు.

డాలండ్ దాన్ని వాడిన పని నాకు ఎంతో ఇష్టం. జంట నక్షత్రాల మధ్య దూరం కొలిచే మైక్రోమీటర్‌లో సాలీడు దారమంత సన్నని తీగలు నాభితలంలోనే ఉంటాయి. ఒక తీగను మర తిప్పి జరుపుతూ, రెండు నక్షత్రాల మీదా ఒక్కో తీగ పడేలా చేసి, మర ఎంత తిరిగిందో చదువుతారు. చిన్న ఐపీస్ పెట్టి ఆవర్ధనం పెంచితే నక్షత్రాల ఎడం పెరగడంతోపాటు తీగలూ లావవుతాయి. మసక నక్షత్రం తీగ చాటున పడిపోతుంది. బార్లో తీగలకు ముందు ఉంటుంది కాబట్టి ఎడం మాత్రమే పెరుగుతుంది, తీగ మందం మారదు. పైగా మర ఒక చుట్టు తిరిగితే ఇప్పుడు సగం కోణమే జరుగుతుంది. కొలత అంత సూక్ష్మమవుతుంది. ఒక్క గాజుతో రెండు లాభాలు!

తర్వాత ఇదే సూత్రం కెమెరాల టెలిఫోటో లెన్సుల్లోకి, టెలికన్వర్టర్లలోకి వెళ్లింది. విశాలంగా చూపించే నేటి ఐపీసులు చాలావాటిలో పుటాకార కటకాల జట్టు లోపలే ఉంటుంది.

ఇక కొనుగోలు సంగతి. బార్లో కొత్త వెలుగును తేదు. రెండు రెట్లు పెంచితే అదే కాంతి నాలుగు రెట్ల వైశాల్యంలో పరుచుకుంటుంది. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు దాన్ని తట్టుకుంటాయి, మసక నెబ్యులాలు తట్టుకోవు. ముందు కటకం లేదా దర్పణం వ్యాసం మి.మీ.లలో ఎంతో, దానికి రెట్టింపు ఆవర్ధనమే హద్దు. గాలి నిలకడగా లేని రాత్రి అంత కూడా దక్కదు. 130 మి.మీ. వ్యాసం, 650 మి.మీ. నాభ్యంతరం ఉన్న టెలిస్కోప్‌కు 25, 10 మి.మీ. నాభ్యంతరమున్న ఐపీసులుంటే 26, 65 రెట్లు వస్తాయి. 2 ఎక్స్ బార్లోతో 52, 130 కూడా చేరతాయి. 5 మి.మీ. ప్లోసెల్ రకం ఐపీస్ కూడా 130 ఇస్తుంది గానీ, కనురెప్పల వెంట్రుకలు దాని గాజుకు తగులుతాయి. బార్లోతో 10 మి.మీ. ఐపీసు దగ్గర కన్ను హాయిగా ఉంటుంది. అయితే 25, 12.5 మి.మీ. ఐపీసులున్నవారికి బార్లో వేస్తే 25 మళ్లీ 12.5 అయి కూర్చుంటుంది, కొత్తగా వచ్చేది ఒక్క ఆవర్ధనమే.

700 మి.మీ. నాభ్యంతరమున్న 70 మి.మీ. టెలిస్కోప్‌తో 4 మి.మీ. ఐపీసు, 3 ఎక్స్ ప్లాస్టిక్ బార్లో కలిపి ఇచ్చి 525 రెట్లని డబ్బా మీద రాస్తారు. దాని హద్దు 140. డబ్బా మీది అంకెను నమ్మకండి.

కొనేముందు మీ 10 మి.మీ. ఐపీస్‌తో గురుగ్రహాన్ని చూడండి. పట్టీలు స్పష్టంగా కనిపించి, స్టాండు వణకకుండా ఉంటే, రెండు గాజులు అతికించిన 2 ఎక్స్ అక్రోమాటిక్ బార్లో ఒకటి తప్పక కొనుక్కోండి. బొమ్మ అక్కడే అలుక్కుపోయినట్టుంటే ఆ డబ్బు ముందు మంచి స్టాండుకు పెట్టండి, దర్పణాన్ని సరిగ్గా అమర్చుకోండి. అలుక్కుపోయిన బొమ్మను బార్లో ఇంకా పెద్దగా చూపించగలదు గానీ, స్పష్టంగా చూపించలేదు.