చేతిఫోనులో పిలువని పేరంటము

ఈ వ్యాసమునకు నా యింట జరిగిన యొక పొరపాటే కారణము. రెండేండ్ల క్రిందట మా అమ్మ పినపాకకు వచ్చి మాతో నెల దినములుండెను. ఒక శుక్రవారము సాయంకాలము దీపము వెలిగించి ఆమె పాడిన మంగళహారతిని నా చేతిఫోనులో పట్టియుంచితిని. అటుపిమ్మట ఆమె యెంతో కాలము బ్రదుకలేదు. అమ్మను కాలము కొనిపోయెను గాని, ఆ పాటను మాత్రము నేనే చెరిపివేసితిని.

జరిగినదేమనగా, ఒకనాడు పత్తి యేరిన కూలివారికి డబ్బు పంపబోగా, బ్యాంకు యాపును క్రొత్త రూపునకు మార్చుకొననిదే పని జరుగదని ఫోను తెలిపెను. మార్చబోయిన, చోటు చాలదనెను. మావారు బడికి పోయియుండిరి. కూలివారు వాకిట కూర్చుండిరి. ఆ తొందరలో పెద్దవిగా కనబడిన వీడియోలను ఒక్కొక్కటిగ తీసివేసితిని. అవి ఫోనులోని చెత్తబుట్టలోనే నిలిచినందున చోటు రాలేదు. ఆ బుట్టను గూడ ఖాళీ చేసితిని. దానిని ఖాళీ చేయకున్న, పెక్కు ఫోనులలో ముప్పది దినములవఱకు పోయినదానిని వెనుకకు తెచ్చుకొనవచ్చునని నాకు తరువాత తెలిసినది.

సాయంకాలము మా ఆడబిడ్డ కుమారుడు వచ్చి ఫోనును చూచి, "అత్తయ్యా, నీవెన్నడును తెరువని ఆటలు, అంగళ్లు, అప్పులిచ్చు యాపులు ఇందులో పదునెనిమిది యున్నవే! వీనిని తీసిన సరిపోయెడిది గదా!" అనెను. వానిని నేను దింపుకొనలేదు. మణుగూరు అంగడిలో కొన్ననాడే అవి యందుండెను. పెట్టెతోపాటు వచ్చినవి గనుక ఫోనులో భాగములనియు, ముట్టరాదనియు తలంచితిని. నాదైనదానిని తుడిచివేసి, నాది కానిదానిని భద్రముగా కాపాడితిని.

పిలువకయే ఈ పేరంటము వచ్చుటకు కారణము వర్తకము. ఒక్కొక్క యాపును ముందుగనే అమర్చిపెట్టినందులకు ఆ యాపువారు ఫోను తయారీదారునకు సొమ్మిత్తురు. తక్కువ వెల ఫోనులలో ఇవి యెక్కువగా నుండుట వింతగాదు. వెలలో మనకు తగ్గినదానిలో కొంత ఇట్లు రాబట్టుకొందురు. 2019లో స్పెయిన్, అమెరికా దేశముల పరిశోధకులు 214 మంది తయారీదారుల ఫోనులను, మొత్తము 1,700కు పైగా పరిశీలించి, ఇట్టి యాపులలో అనేకము వాడుకరి యెఱుగకయే సమాచారమును సేకరింపగలవని ప్రకటించిరి. గోదావరి యావలి యొడ్డుననున్న పర్ణశాల మాకు దూరము కాదు. సన్న్యాసి వేషమున వచ్చిన రావణుడైనను ముందు వాకిట నిలిచెను. ఇవి మనము ఇల్లు చేరుటకు ముందే లోపల పీట వేసికొని కూర్చున్నవి.

ఇక వానిని పంపు విధము. ఫోనులో "సెట్టింగులు" తెరచి, అందు "యాపులు" అనుదానిని నొక్కిన, పేర్లన్నియు వరుసగా కనబడును. ఫోను తీరునుబట్టి మాటలు కొంచెము మాఱును. ఒక్కొక్క పేరును నొక్కి చూడవలెను. "అన్‌ఇన్‌స్టాల్" అను మాట యున్నచో ఆ యాపు అద్దెకున్న దన్నమాట; నొక్కగనే మూటాముల్లెతో వెళ్లిపోవును. "డిజేబుల్" అని మాత్రమే యున్నచో అది గోడలో కట్టిన గూడువంటిది. ఫోనును నడపు మూలభాగముతోపాటు, చదువుటకే గాని చెరుపుటకు వీలులేని చోట దానిని అమర్చియుంచిరి. దానిని పెకలింపలేము, నిద్రపుచ్చగలము. నిద్రించిన యాపు తెరపై కనబడదు, లోలోపల పనిచేయదు, క్రొత్త రూపులను దింపుకొనుచు మన డేటాను తినదు. సిగ్నలు ఒక మూల దొరికి మఱియొక మూల దొరకని మా అడవియంచు పల్లెలలో ఈ లాభము చిన్నది కాదు.

నేను మొదట పొరబడినది ఇచ్చటనే. డిజేబుల్ చేసినంతనే చోటంతయు వచ్చుననుకొంటిని, అంతగా రాలేదు. గోడలోని మూలపు యాపు ఆక్రమించిన చోటు మనకెట్లును రాదు. కాని దానిపై నాడునాటికి చేరిన "అప్‌డేట్లు" వేఱుచోట పేరుకొనియుండును. కావున నిద్రపుచ్చుటకు ముందు "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" అనుదానిని నొక్కవలెను. పిదప "స్టోరేజ్" అనుచోట దాని డేటాను తుడిచిన మఱికొంత దక్కును. మన ఫోటోలను, సందేశములను దాచుకొన్న యాపులయందు మాత్రము ఈ తుడుపు పని చేయరాదు. నావలె మఱియొకరు ఏడ్వవలదు.

"గూగుల్ ప్లే సర్వీసెస్", "ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ" వంటివానిని ముట్టకుడు. పేరు వింతగా నున్నను ఇతర యాపులు వానిపై నిలిచియున్నవి. కీబోర్డును, ఫోను మాటలాడు యాపును అట్లే వదలవలెను. తక్కినవానిని ఒక్కొక్కటిగ నిద్రపుచ్చి, రెండుదినములు చూచి, ఏదైన చిక్కు వచ్చినచో "ఎనేబుల్" అని మరల లేపవచ్చును.

కంప్యూటరునకు తీగ కలిపి, గోడలోనివానిని గూడ తీసెడి ఉపాయము ఒకటి కలదు. బిల్డు నంబరుపై ఏడుమారులు నొక్కిన తెరచుకొను "డెవలపర్ ఆప్షన్స్" ద్వారమున అది జరుగును. మా మేనల్లుడు దానిని చేసెదనని ఉవ్విళ్లూరెను, నేను వలదంటిని. అట్లు తీసినను ఆ వాడుకరికి మాత్రమే అది పోవును. ఫోనును మొదటి స్థితికి తెచ్చిన మరల ప్రత్యక్షమగును. తీయరానిదానిని తీసినచో ఫోనే తెరచుకొనక నిలిచిపోవచ్చును. ఇల్లు నడపుకొనువారికి ఈ సాహసమేల?

ఈ వివాదము మన దేశమున పెద్దపీఠముల వఱకు పోయినది. 2022 అక్టోబరు 20న కాంపిటిషన్ కమిషన్ గూగుల్ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించి, ముందుగ అమర్చిన తన యాపులను వాడుకరి తొలగించుకొనుటకు అడ్డుపడరాదని శాసించెను. 2023 మార్చి 29న అప్పీలు ట్రైబ్యునలు జరిమానాను నిలిపి, ఈ తొలగింపు శాసనమును మఱి మూడింటితోపాటు కొట్టివేసెను. సొమ్ము విషయమున గెలిచి, ఇల్లాలికి కావలసిన విషయమున ఓడినట్లయినదని నా యభిప్రాయము. ఐరోపావారి చట్టము 2024 మార్చినుండి పెద్ద సంస్థలపై ఈ బాధ్యతను మోపినది.

2025లో ప్రభుత్వమే ఇందులో దిగినది. పోయిన ఫోనులను వెదకుటకు, మోసములను తెలుపుటకు ఏర్పఱచిన "సంచార్ సాథీ" యాపును క్రొత్త ఫోనులన్నిటియందు అమర్చవలెనని నవంబరు 28న టెలికాం శాఖ ఉత్తరువు చేసెను. దేశమంతట ఆక్షేపణ లేచెను. డిసెంబరు 3న ఆ నిర్బంధమును ఉపసంహరించిరి. యాపు మంచిదే; మంచిదని చెప్పి చేతికిచ్చిన తీసికొందుము. నిర్బంధించి లోపల పెట్టుట వేఱు సంగతి.

నా ఫోనులోని పదునెనిమిదింటిలో పదునొకండు పూర్తిగ పోయినవి, ఏడు నిద్రించినవి. మూడు జీబీలకు పైగా చోటు వచ్చెను. అమ్మ పాటకు అర జీబీయైనను పట్టియుండలేదు.

మరునాడు మా ఆడబిడ్డ ఫోనునకు పూనుకొంటిమి. పదింటిని తీసినంతవఱకు ఆమె పలుకలేదు. ఎఫ్ఎం రేడియో యాపుపై వ్రేలు పెట్టగనే, "వదినా, దానిని మాత్రము ముట్టవద్దు. పత్తిచేనిలో కొత్తగూడెము ఆకాశవాణిని దానిలోనే వినెదను. దానికి డేటా గూడ అక్కరలేదు" అనెను. అదియు అడుగకయే వచ్చినదే. దానిని ఉండనిచ్చితిమి. ఆమె చెవితీగను వెదకి తెచ్చుకొని, అందులో ఏ పాట వచ్చుచున్నదో నాకు వినిపించుటకై ఒక కొసను నా చెవిలో పెట్టెను.